తీర్థం ఇచ్చే చేతికి పార్టీ ఉండొచ్చా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒంగోలు పాఠకుడొకరు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. స్వాములు, పాస్టర్లు, ఇమాములు రాజకీయాల గురించి అసలు నోరు తెరవకూడదని, తెరిచిన వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం ఆపేయాలని ఆయన రాశారు. ఆయన కోపం అర్థమైంది. అలాంటి కోపం తెప్పించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇంకొంచెం బాగానే అర్థమైంది. అయినా ఆయన చెప్పిన మందు ఈ రోగానికి పనికిరాదనిపించింది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పుకోక తప్పదు. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి. మైకు సంగతి మాత్రం ఉంచండి.

నేను నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి అర్చకుణ్ణి. మాది సోమశిల నీళ్లు చిట్టచివర చేరే ఊరు. నీళ్లొచ్చిన ఏడు స్వామి కల్యాణం ఘనంగా జరుగుతుంది, రాని ఏడు పొంగలితో సరిపెడతాం. మా నాన్న తర్వాత 1988లో గుడి తాళాలు నా చేతికొచ్చాయి. స్వామికి మాన్యం ఉంది, కౌలు మాత్రం కాగితం మీదే వస్తుంది. ధూప దీప నైవేద్యం పథకం డబ్బులు, హారతి పళ్లెంలో పడే చిల్లర, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, వీటితోనే మా ఇల్లు గడుస్తుంది. 1985లో మొదటిసారి ఓటేశాను. ఆ తర్వాత ఒక్క ఎన్నికా మానలేదు. నాకూ ఒక పార్టీ అంటే ఇష్టం. ఆ సంగతి మా ఆవిడకు తెలుసు. ఆమెది వేరే పార్టీ.

ఇక మైకు సంగతి. 2012లో మా ప్రాంతపు నాయకుడొకాయన గుడికి మైకు సెట్టు ఇచ్చాడు. ఆంప్లిఫయరు, రెండు హారన్లు, పాటలు పెట్టుకోవడానికి ఒక చిన్న పెట్టె. అప్పటిదాకా ధనుర్మాసంలో నా గొంతు నాలుగు వీధులు కూడా దాటేది కాదు. మైకు వచ్చాక చెరువు అవతల నారు పీకే వాళ్లకు కూడా తిరుప్పావై వినపడింది. మెల్లగా అది ఊరి మైకు అయింది. పింఛన్లు ఇచ్చే రోజు, గొడ్లకు టీకాలు వేసే రోజు, కరెంటు బిల్లుల వాళ్లు వచ్చిన రోజు, ఎవరిదో బర్రె తప్పిపోయిన రోజు, అన్నీ నేనే చెప్పేవాణ్ణి. బర్రె కొమ్ముల వంపుతో సహా చెప్పేవాణ్ణి. దొరికిన వాళ్లు స్వామికి కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

2014 ఎన్నికలొచ్చాయి. పోలింగుకు పది రోజుల ముందు ఒక సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిలు మీద వచ్చారు. "సామీ, రేపు నాలుగ్గంటలకు అన్న వస్తుండాడు. మైకులో ఒక్క మాట జెప్పండి" అన్నారు. మైకు ఇచ్చింది ఆ అన్నే. కాదనడానికి నోరు రాలేదు. ప్రచార సభ ఫలానా చోట, ఫలానా సమయానికి అని చెప్పాను. అక్కడితో ఆపినా కొంత బాగుండేది. మైకు చేతిలో ఉంటే నోరు ఊరుకోదు. "మన గుడికి ఈ మైకు ఇచ్చిన పుణ్యాత్ముడు, స్వామి కటాక్షం నిండుగా ఉన్నవాడు, అందరూ తరలివచ్చి ఆశీర్వదించండి" అని కలిపాను. ఆ మాట అనమని నన్ను ఎవరూ అడగలేదు. పన్నెండేళ్లవుతోంది, ఇప్పటికీ దానికి ఇంకెవరి మీదా నెపం పెట్టలేను.

మర్నాడు పొద్దున తీర్థానికి వచ్చిన వాళ్లు సగం మంది. పాలు పోసే ఇంటినుంచి అభిషేకానికి రావాల్సిన చెంబు రాలేదు. పొలాల్లో పనుందేమో అనుకున్నాను. మూడో రోజు తెలిసింది. మా గుడికి నిత్యం వచ్చే పెద్దామె ఒకరుండేవారు, ఇప్పుడు లేరు. కళ్లు సరిగా ఆనవు గానీ మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చేది. ఆ రోజు ధ్వజస్తంభం దగ్గరే ఆగిపోయి, అక్కణ్ణుంచే దండం పెట్టి వెనక్కి తిరిగింది. తీర్థం గిన్నె పట్టుకుని నేనే బయటికి వెళ్లాను. ఆమె చెయ్యి చాపలేదు. "ఏం సామీ, ఆయనకే సామి కటాక్షం ఉండాదని మైకులో జెప్పినారు గదా. మరి నేను మా వోడికి ఓటేస్తే నాకు పాపం తగులుతుందా?" అని అడిగింది.

ఎత్తిపొడుపుగా అడిగుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆమె నిజంగానే అడిగింది. చిన్నకొడుకు అవతలి పార్టీలో తిరుగుతున్నాడు, వాడి మాట కాదనలేదు, ఇటు స్వామి మాట కాదనలేదు. మూడు రోజులుగా ఆమెకు సరిగా నిద్ర లేదని తర్వాత కోడలు చెప్పింది. "లేదమ్మా, పాపం లేదు, ఆ మాట నాది, స్వామిది కాదు" అన్నాను. "మరి గుడిలోంచి జెప్పినారే" అంది.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే ఆమె వంకాయలు తరుగుతూ తలెత్తకుండా, "మీరు అరుగు మీద కూర్చుని అదే మాట అనుంటే ఆమె మిమ్మల్ని నాలుగు తిట్టి, తీర్థం తీసుకుని పోయుండేది" అంది. నా ఈ ఉత్తరమంతా ఆ మాటలోంచి పుట్టిందే. ఆమెకు చెబితే మళ్లీ ఎక్కడ ఎగతాళి చేస్తుందోనని చెప్పకుండా రాస్తున్నాను.

మా అల్లుడు నెల్లూరులో ప్లీడరు. పండక్కి వచ్చినప్పుడు ఈ కథ చెబితే నవ్వి, "మామయ్యా, ఆ పెద్దామె అడిగింది చట్టంలో రాసే ఉంది" అన్నాడు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో సెక్షన్ 123 చూపించాడు. ఫలానా వాళ్లకు ఓటేస్తేనో, వెయ్యకపోతేనో దేవుడికి కోపం వస్తుందని ఓటరును నమ్మించడం ఎన్నికల అక్రమాల్లో ఒకటి. అభ్యర్థి చేసినా, అతని ఏజెంటు చేసినా, వాళ్ల సమ్మతితో మరొకరు చేసినా గెలిచిన ఎన్నిక రద్దు కావచ్చు. 1988లో ఇంకో చట్టం వచ్చిందట. మత సంస్థల దుర్వినియోగాన్ని అడ్డుకునే చట్టం. గుడి అయినా, మసీదైనా, చర్చి అయినా ఆ ప్రాంగణాన్ని రాజకీయ ప్రచారానికి వాడనిస్తే ఐదేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. నాకు తాళాలు వచ్చిన ఏడే ఆ చట్టమూ వచ్చింది. ఇన్నేళ్లలో నాకు దాని గురించి ఒక్కరూ చెప్పలేదు. మైకు ఇచ్చిన వాళ్లు అసలే చెప్పరు.

అల్లుడు చెప్పిన వాటిలో నాకు బాగా పట్టింది 1959 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి. అప్పటి పంజాబులో సిర్సా నియోజకవర్గం. అక్కడ నామ్‌ధారీ సిక్కుల గురువు, ఫలానా అభ్యర్థికే ఓటెయ్యాలని తన శిష్యులకు హుకుం జారీ చేశారు. గెలిచిన అభ్యర్థి ఎన్నిక కొట్టేశారు. ఒంగోలు పాఠకుడు ఇక్కడిదాకా విని సంతోషిస్తారేమో. అదే తీర్పులో ఇంకో సంగతి కూడా ఉంది. మతగురువుకు కూడా అభ్యర్థుల్లో ఎవరు మంచివాళ్లో చెప్పే స్వేచ్ఛ ఉంది, తనకు నచ్చిన వాళ్ల తరఫున ప్రచారం చేసే స్వేచ్ఛ కూడా ఉంది, శిష్యుడికి వేరే దారి లేకుండా చేయడమే తప్పు అన్నారు. అంటే నోరు తెరిచినందుకు కాదు, అవతలివాడి నోరు మూయించినందుకు ఆ ఎన్నిక పోయింది. ఆ పెద్దామెకు నేను చేసిందీ అదే.

అందుకే, అసలు మాట్లాడకూడదు అనే మాట నేను ఒప్పుకోను. మాట్లాడకుండా కూర్చున్న మా తాత సంగతి చెబుతాను.

నెల్లూరు మూలాపేటలో మా స్వామి పేరుతోనే ఒక గుడి ఉంది. హరిజనులను ఆ గుడిలోకి రానివ్వాలని పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేశారు. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు దీక్ష చేసి ప్రాణం వదిలిన సంగతి పిల్లల పాఠాల్లో ఉంటుంది. మన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం కూడా. గుడి కోసం అంతకుముందే చేసిన దీక్షను మాత్రం మన జిల్లాలోనే చాలామంది మరిచిపోయారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది. ఆ రోజుల్లో మా ఊరి గుడి అర్చకుడు మా తాత. ఊళ్లో రెండు పక్షాలయ్యాయట. తాతను అడిగితే, "పెద్దలు చూసుకుంటారు, మనది పూజ వరకే" అన్నాడట. ఈ మాట మా నాన్న గొప్పగానే చెప్పేవాడు, తాత ఎంత పద్ధతైన మనిషో అన్నట్టు. చట్టం వచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా మా ఊళ్లో కొందరు గేటు బయటే ఉండి కొబ్బరికాయ లోపలికి పంపేవాళ్లు. నేను చిన్నప్పుడు చూశాను. తాత ఒక్క మాట అనుంటే ఆ గేటు ముందే తెరుచుకునేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అనే సామెత ఊరికే పుట్టలేదు. ఆలయ ప్రవేశం అప్పట్లో రాజకీయమే. ఒంగోలు పాఠకుడి లెక్క ప్రకారం మా తాత చేసింది సరైన పని.

1992లో నా వంతు వచ్చింది. మన జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న వార్త, పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం బళ్ల మీదుగా ఊరూరా పాకిన రోజులవి. మా ఊళ్లో సారా కొట్టు గుడి వీధి మలుపులోనే ఉండేది. ప్యాకెట్లు చింపిన ప్లాస్టిక్కు ముక్కలు ప్రాకారం గోడ వెంబడి కుప్పలుగా పడేవి. ఒక సాయంత్రం ముప్పై నలభై మంది ఆడవాళ్లు వచ్చి, "సామీ, కూర్చోను చోటు లేదు, మండపంలో కూర్చుంటాం" అన్నారు. కూర్చోమన్నాను. మూడు సాయంత్రాలు కూర్చున్నారు. నన్ను కూడా మాట్లాడమంటే, తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడు స్వామికి ఎన్ని టెంకాయలు కొట్టినా లెక్కలోకి రాదని చెప్పాను. నాలుగో రోజు సారా కొట్టును వేలం పాటలో పాడుకున్న కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. "గుడిలో రాజకీయాలేంది సామీ?" అన్నాడు. గుడి మలుపులో కొట్టు పెట్టినప్పుడు రాజకీయం కాలేదా అని అడుగుదామనుకున్నాను. ఆ మాట నా నోట్లోకి వచ్చేసరికి అతను జీపెక్కి వెళ్లిపోయాడు. అప్పటికి నేను చేయగలిగింది, చేతిలో పులిహోర పెట్టి పంపడం. నెల్లూరులో సారా పాటలను ఆడవాళ్లు అడ్డుకుంటే వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

1988 చట్టాన్ని కచ్చితంగా పట్టుకుంటే మండపంలో ఆ మీటింగు పెట్టనివ్వడం కూడా నేరమే అవుతుందేమో. అల్లుణ్ణి అడిగాను. "ఎవరూ కేసు పెట్టలేదు కదా మామయ్యా" అని తప్పించుకున్నాడు. నేరమే అయినా ఆ మూడు సాయంత్రాల గురించి నాకు పశ్చాత్తాపం లేదు. 2014లో మైకులో అన్న ఒక్క వాక్యం గురించి ఉంది. రెండూ రాజకీయమే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది అని చాలాకాలం ఆలోచించాను. మండపంలో ఆడవాళ్లు నాతో వాదించారు. "టెంకాయల సంగతి వదిలేయండి సామీ, మీ దగ్గరికి తాగొచ్చేవాళ్లకు ముందు శఠగోపం పెట్టడం మానండి" అని ఒకామె ముఖం మీదే అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, మర్నాటినుంచి మానేశాను కూడా. మైకుకు ఎవరు ఎదురు చెబుతారు? హారనుకు చెవులుండవు.

మా ఊరి బాప్టిస్టు పాస్టరు గారితో ఈ మధ్య నెల్లూరు బస్సులో ఇదే చర్చ వచ్చింది. ఆయనది ఒంగోలు దగ్గర ఊరు. వయసులో నాకంటే చిన్న, చదువులో పెద్ద. "అయ్యవారూ, మీకు ఆ టెన్షన్ ఒక్కసారే వచ్చింది. మాకు ప్రతి డిసెంబరులో వస్తుంది" అన్నారు. పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు నాయకులొస్తారు, కేకు కోస్తారు, ఒక్క రెండు మాటలు మాట్లాడతామంటారు. ఆ రెండు మాటలు ఇరవై నిమిషాలవుతాయి. "వాక్యం చెప్పే వేదిక మీద నిలబడి చెబుతారు. కింద చాపల మీద కూర్చున్న అమ్మలు లేచి వెళ్లలేరు, ఎదురు అడగలేరు. వాక్యం విన్నట్టే తల వంచుకుని వింటారు. అదే నాకు కష్టంగా ఉంటుంది" అన్నారు. ఆయనా మా ఆవిడా ఒకరితో ఒకరు మాట్లాడుకున్న వాళ్లు కారు, అయినా ఒకే మాట అన్నారు.

అయితే ఆయన ఊరుకోమనలేదు. ఒంగోలు క్లౌ దొరగారి సంగతి చెప్పారు. 1876-78 కరువులో జనం రాలిపోతుంటే ఆ మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్య పాస్టరు గారు తడుముకోకుండా చెప్పారు, మేము విష్ణు సహస్రనామం చెప్పినట్టు. ఆ బాప్తిస్మాల మీద నాకు వేరే అభిప్రాయాలుండొచ్చు. వాటి గురించి బస్సులో కావలసినంత సేపు వాదించుకున్నాం, కండక్టరు మధ్యలో వచ్చి రాజీ చేశాడు. కానీ అన్నం గిన్నె ఒక చేత్తో, మతం ఇంకో చేత్తో ఒకేసారి చాపకూడదని క్లౌ దొరకు తోచింది చూశారా, అది నాకు నచ్చింది. ఇక్కడ అన్నం బదులు తీర్థం అనుకోండి, మతం బదులు ఓటు అనుకోండి.

గౌరవ వేతనం ఆపేయాలన్న మాటకు వస్తాను. ఇమాములకు నెలకు 10,000, మసీదులో అజాన్ పిలుపిచ్చే మౌజన్లకు 5,000, పాస్టర్లకు 5,000 అని ప్రభుత్వం ప్రకటించింది. మా ధూప దీప నైవేద్యం 5,000 నుంచి 10,000 అయింది. అప్పుడప్పుడూ ఆలస్యమైనా, మాలాంటి వాళ్లకు అది పెద్ద ఆసరా. కానీ ఒంగోలు పాఠకుడు ఒక్కసారి ఆలోచించాలి. మాట్లాడితే ఆపేస్తామన్న డబ్బు, ఎవరికి వ్యతిరేకంగా మాట్లాడితే ఆగుతుంది? అధికారంలో ఉన్నవాళ్లను పొగిడిన వాడి వేతనం ఆపడం ఎక్కడైనా చూశారా? ఆ నిబంధన వస్తే భజన చేసేవాళ్లు మిగులుతారు, ప్రశ్నించే వాళ్లు పోతారు. మైకు ఇచ్చిన చెయ్యి చూసి నేను పొగిడాను. నెలనెలా ఇచ్చే చెయ్యి అయితే ఇంకెంత పొగుడుతానో నాకే భయం.

పంచాంగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మా వాళ్లే అందరికంటే ముందున్నారు. ఉగాది రోజు టీవీ పెట్టి చూడండి. ఒక పార్టీ ఆఫీసులో సిద్ధాంతి గారు వాళ్ల నాయకుడికి రాజయోగం అంటారు. అదే గంటలో ఇంకో పార్టీ ఆఫీసులో ఇంకో సిద్ధాంతి గారు వీళ్ల నాయకుడిదే పీఠం అంటారు. గ్రహాలు అవే, రాశులు అవే, ఆదాయ వ్యయాలు అవే. శాలువా మారితే ఫలితం మారుతుంది. చిన్నప్పుడు మా నాన్న పంచాంగం చదువుతుంటే రైతులు మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు, వానలు ఎన్ని కుంచాలు అని అడిగేవాళ్లు. ఇప్పుడు మొదటి ప్రశ్నే ఎవరు గెలుస్తారని.

2024 ఏప్రిల్ 9న క్రోధి నామ సంవత్సరాది. ఎన్నికల కోడ్ అమల్లో ఉంది. ఆ ఏడు నవనాయకుల్లో రాజు కుజుడు, మంత్రి శని. పంచాంగంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఎవరో కుర్రాడు సెల్లులో తీసి "మంత్రి శని" అన్న రెండు మాటలు కత్తిరించి వాట్సాప్‌లో వదిలాడు. సాయంత్రానికి ఎవరికి తోచిన మంత్రి పేరు వాళ్లు తగిలించుకున్నారు. ఒక వర్గం వాళ్లు ఫోన్ చేసి శభాష్ అన్నారు, ఇంకో వర్గం వాళ్లు గుడి ముందుకొచ్చి క్షమాపణ చెప్పమన్నారు. పంచాంగం పుస్తకం తెచ్చి పేజీ చూపించాను. అందులో ఒకాయన చాలాసేపు చూసి, "అయితే ఈ పుస్తకం అచ్చేసినోళ్లు ఏ పార్టీ?" అన్నాడు. ఇంక ఏం చెప్పను. నోరు మూసుకుని గ్రహాలు చదివినా తప్పదన్నమాట.

అదే ఎన్నికల్లో రెండు పక్షాల వాళ్లూ పార్టీ టికెట్టు ఇచ్చినట్టు చూపే బీ ఫారాలు తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టించారు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. ఇద్దరికీ గోత్రనామాలతో ఒకే సంకల్పం చెప్పాను. అందులో "క్షేమ స్థైర్య వీర్య విజయ" అని అందరికీ వచ్చే మాటే ఉంది. పిల్ల పరీక్ష రాయబోతున్నా, ఎద్దును కొనబోతున్నా అదే సంకల్పం. ఓడిన వాళ్ల మనిషి తర్వాత వచ్చి, "మాకు కూడా విజయ అన్నారు గదా సామీ" అని నిలదీశాడు. ఎద్దును కొన్నవాడు ఇలా అడగలేదని చెప్పాను. నవ్వి, ప్రసాదం తీసుకునే పోయాడు.

గుడిలో వద్దు, బయట మాట్లాడొచ్చు అంటున్నాను కదా, చొక్కా తొడుక్కుని రచ్చబండ మీద కూర్చున్నంత మాత్రాన అర్చకుడు అర్చకుడు కాకుండా పోతాడా అని మీరు అడగొచ్చు. పోడు. నా నామం నాతోనే ఉంటుంది, నా మాటకు ఉండే బరువూ ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా టీ కొట్టు దగ్గర నేను కాలువ నీళ్ల గురించి, ఎవరి హయాంలో పూడిక తీశారో, ఎవరు బిల్లులు తిన్నారో మాట్లాడుతుంటే క్షౌరం చేసే అబ్బయ్య కొడుకు, ఇరవై రెండేళ్లవాడు, "సామీ, మీకు తెలీదు ఊరుకోండి, లాకుల దగ్గర జరిగింది వేరే" అన్నాడు. నాకు రోషం వచ్చింది, నిజం చెప్పొద్దూ. కానీ వాడు చెప్పింది నిజమేనని మర్నాడు కాలువ గట్టు మీదికి పోయి చూస్తే తెలిసింది. వాడే గర్భగుడి ముందు నిలబడినప్పుడు రెండు చేతులూ కట్టుకుని, నేనేం చెప్పినా "సరే సామీ" అంటాడు. టీ కొట్టు దగ్గర వాడికున్న నోరు గుడిలో ఉండదు. అందుకే నా నోరు కూడా టీ కొట్టు దగ్గరే ఉండాలని పెట్టుకున్నాను.

పూర్తిగా రాజకీయాల్లోకే దిగిన మతాచార్యుల మీద నాకు ఫిర్యాదు లేదు. రామానంద తీర్థ సన్యాసి. నిజాం మీద పోరాటం నడిపారు, తర్వాత ఓట్లడిగి లోక్‌సభకు వెళ్లారు. మౌలానా ఆజాద్ మత పండితుడు, దేశానికి మొదటి విద్యామంత్రి. జెరోమ్ డిసౌజా అనే జెస్యూట్ ఫాదర్ రాజ్యాంగ సభలో కూర్చున్నారు. గోరఖ్‌పూర్ మఠం మహంతు ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఓట్లడిగి నిలబడిన వాళ్ల సిద్ధాంతం నచ్చకపోతే ఓడించే వీలు జనానికి ఉంది. నా మైకును ఓడించే వీలు ఆ పెద్దామెకు లేకపోయింది.

నాయకులు వచ్చి మొక్కుకోవడం మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. రొట్టెల పండక్కి మా ఊరినుంచి కూడా ఆటోలు కట్టుకుని నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోతారు. స్వర్ణాల చెరువులో నిలబడి పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె అని మార్చుకుంటారు. నాయకులూ వచ్చి నీళ్లలో దిగుతారు. వాళ్లు ఏ రొట్టె పట్టుకుంటారో అందరికీ తెలుసు. పట్టుకోనివ్వండి, మొక్కు ఎవరిదైనా మొక్కే.

ఆ మైకు ఏమైందో చెప్పలేదు కదూ. 2014 ఎన్నికల ఫలితాలొచ్చాక, ఎవరు గెలిచారన్న దానితో నిమిత్తం లేకుండా, దాన్ని మూట కట్టి ఆ నాయకుడి ఇంటికి పంపించాను. ఆయనకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. రెండేళ్లు మా గుడికి మైకు లేదు, తప్పిపోయిన బర్రెలు వాటంతటవే ఇంటికొచ్చాయి. తర్వాత ఊళ్లో రెండు పార్టీల కుర్రాళ్లూ ఇంటికింత వేసుకుని పాతదొకటి కొన్నారు. పెద్దామె కూడా చీర కొంగు విప్పి యాభై రూపాయలిచ్చింది. ఆ రోజు గుడి మెట్ల మీద అందరి ముందూ, అప్పుడు మైకులో అన్న మాట నాదే, స్వామిది కాదు, తప్పయింది అన్నాను. మైకు ఆన్ చేసే అంటుండగా మా ఆవిడ వచ్చి ఆపేసింది, ఆ సంగతి కూడా మైకులోనేనా అని. ఆంప్లిఫయరు మీద చిన్న చీటీ అంటించి ఉంటుంది. సుప్రభాతం, పింఛన్లు, టీకాలు, తప్పిపోయిన గొడ్లు. కరోనాలో చావు కబుర్లు కూడా చెప్పాల్సి వచ్చింది, అది మాత్రం చీటీలో రాయలేదు.

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయంటున్నారు. మొన్న శనివారం ఒకాయన వచ్చి మంచినీళ్లు తాగి, అదీ ఇదీ మాట్లాడి, చివరకు మైకు వైపు చూశాడు. నేను చీటీ వైపు చూశాను. చదువుకుని, "మా బర్రె తప్పిపోతే చెప్తారా సామీ?" అన్నాడు. తప్పకుండా చెప్తానన్నాను.

నా పేరు, ఊరు పేరు అచ్చు వేయకండి. వేస్తే ఈ ఉత్తరం ఏ పార్టీ వాళ్లు రాయించారని సాయంత్రానికి రెండు వర్గాలూ బయల్దేరతాయి. ఎవరైనా ఎదురు వాదించాలంటే ఇదే పేజీలో రాయమనండి, చదువుతాను.

ఇట్లు,
ఒక గ్రామ అర్చకుడు,
నెల్లూరు జిల్లా